ఆర్మా 3: శత్రువు కంటపడక ముందే ప్రాణం పోతోంది, ఈ ఆటను ఎలా ఆడాలి?

ప్రశ్న: బ్రాడీపేట బ్యాక్‌బెంచ్, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ వరల్డ్ సైనిక ఆటలంటే ఇష్టం ఉండటం వల్ల సెలవుల్లో ఘోస్ట్ రీకాన్ వైల్డ్‌ల్యాండ్స్‌ను మొదటి నుంచి చివరి దాకా ఆడాను. బొలీవియాను 21 ప్రాంతాలుగా విడగొట్టి, ముందు ఎక్కడికి వెళ్లాలన్నది పూర్తిగా మన ఇష్టానికి వదిలేయడం నాకు బాగా నచ్చింది. డ్రోన్ ఎగరేసి శిబిరంలో ఎవరెవరు ఎక్కడున్నారో గుర్తులు పెట్టుకుని, ముగ్గురు సహచరులకు తలా ఒకడిని అప్పగించి, నాలుగో వాడిని నేను తీసుకుని, నలుగురినీ ఒకే క్షణంలో పడగొట్టడంలో ఉన్న ఆనందం ఎంత ఆడినా తగ్గలేదు.

అది అయిపోయాక, ఇంతకంటే నిజమైన ఆట కావాలంటే ఆర్మా 3 ఆడమని హాస్టల్ మిత్రుడొకరు చెప్పగా, తగ్గింపు ధర ఉన్నప్పుడు కొన్నాను. ది ఈస్ట్ విండ్ అనే కథాభాగం మొదలుపెట్టాను. స్ట్రాటిస్ ద్వీపంలో కొంత దూరం నడుస్తాను, చుట్టూ ఎవరూ కనిపించరు, ఒక్కసారి చెళ్లుమని శబ్దం వినిపిస్తుంది, అంతలోనే తెర ఎర్రబడి ఆట ముగుస్తుంది. తూటా ఎటు నుంచి వచ్చిందో, పేల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో తెలియడం లేదు. తెర మూలన చిన్న మ్యాప్ మీద శత్రువులు ఎర్రచుక్కలుగా కనిపించే సదుపాయం కూడా నాకు దొరకలేదు.

మరో ఇబ్బంది నా ల్యాప్‌టాప్‌ది. ఆట మందకొడిగా నడుస్తుండటంతో వీడియో సెట్టింగుల్లో దూరానికి సంబంధించిన రెండు స్లయిడర్లనూ బాగా కిందికి దించాను. దాంతో వేగం కొంత మెరుగుపడింది గానీ ఆటలో నా గతి మారలేదు.

ఇది పట్టుదలతో నేర్చుకోవలసిన ఆటేనా, లేక దీన్ని పక్కన పెట్టి, మామూలు కంప్యూటర్ల మీద కూడా చక్కగా నడుస్తుందని అందరూ చెప్పే మెటల్ గేర్ సాలిడ్ 5 వైపు వెళ్లడం మంచిదా? ఈ రెండింటినీ ఆడినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: కరకట్ట కాపలాదారు, విజయవాడ

వైల్డ్‌ల్యాండ్స్‌లో దూరం ప్రయాణానికి మాత్రమే అడ్డు. హెలికాప్టర్ ఎక్కితే ఆ అడ్డు తీరిపోతుంది. శిబిరం దగ్గరికి చేరాకే అసలు పోరాటం మొదలవుతుంది, అదీ చాలావరకు వందా నూటయాభై మీటర్ల లోపే జరుగుతుంది. ఆర్మాలో శత్రువు కంటే ముందు దూరంతోనే మీరు తలపడాలి. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగిలినవన్నీ దాని వెంట వస్తాయి.

ఈ ఆటలోని పెద్ద ద్వీపమైన ఆల్టిస్ విస్తీర్ణం సుమారు 270 చదరపు కిలోమీటర్లు. మన విజయవాడ నగరపాలక సంస్థ పరిధి 62 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువే కనుక, నాలుగు విజయవాడలు పట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మీరు ప్రస్తుతం ఆడుతున్న స్ట్రాటిస్ దాని పక్కన చిన్నదే, 20 చదరపు కిలోమీటర్లు. ఈ రెండూ ఏజియన్ సముద్రంలోని లెమ్నోస్, ఆగియోస్ ఎఫ్‌స్ట్రాటియోస్ అనే నిజమైన గ్రీకు ద్వీపాలను చూసి తయారుచేసినవి. ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను: 2012 సెప్టెంబరులో ఈ ఆటను తయారుచేసిన చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ ఉద్యోగులు ఇద్దరు లెమ్నోస్‌కు వెళ్లగా, సైనిక స్థావరాలను ఫొటోలు తీశారన్న ఆరోపణతో గ్రీకు పోలీసులు వారిని అరెస్టు చేశారు. 2013 జనవరిలో గానీ వారికి బెయిలు దొరకలేదు.

ఇక మీరు విన్న ఆ చెళ్లుమనే శబ్దం సంగతి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. సీతానగరం ఒడ్డున ఎవరైనా తుపాకి పేలిస్తే, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళుతుంది కనుక, విజయవాడ ఒడ్డున నిలబడినవారికి అది వినపడటానికి మూడున్నర సెకన్లు పడుతుంది. దూరపు గురికి వాడే బరువైన రైఫిల్ తూటా మాత్రం దాదాపు రెండు సెకన్లలోనే ఈ ఒడ్డుకు వచ్చేస్తుంది. ఆర్మాలో ఈ లెక్కలన్నీ నిజంగా నడుస్తాయి. ధ్వని కంటే వేగంగా వచ్చే తూటా మీ పక్క నుంచి పోతున్నప్పుడు చెళ్లుమంటుంది. పేల్చిన తుపాకి ధ్వని ఆ తరువాత, దూరం నుంచి మొద్దుగా వినిపిస్తుంది. కొత్తవారందరూ మొదటి శబ్దం వచ్చిన వైపు తిరుగుతారు. అది తూటా పోయిన దారిని మాత్రమే చెబుతుంది. శత్రువు ఉన్న దిక్కును చెప్పేది రెండో శబ్దం. పైగా రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉంటే వాడు అంత దూరంలో ఉన్నట్టు. ఆరువందల మీటర్ల దగ్గర ఈ ఎడం సెకనుకు కాస్త తక్కువగా ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఈ తేడా కొద్ది రోజుల్లోనే చెవికి పట్టుబడుతుంది.

దీన్ని కథాభాగంలో చస్తూ నేర్చుకోవలసిన పని లేదు. ఆటతోపాటు వచ్చే ఈడెన్ ఎడిటర్ తెరిచి, మీ పాత్రను ఒక రాతిగోడ వెనక పెట్టండి, నాలుగువందల మీటర్ల అవతల శత్రు సైనికుడిని ఒక్కడిని పెట్టండి, ఆడండి. వాడి చేత కాల్పించుకోండి, వినండి, వెతకండి. తరువాత వాడిని ఆరువందలకు జరపండి. వాడిని కొట్టడానికి ప్రయత్నించినప్పుడు మీ తూటా వాడి కాళ్ల ముందు మట్టిలో పడటం చూస్తారు. అప్పుడు పేజ్ అప్ మీట నొక్కి స్కోప్‌ను ఆ దూరానికి సరిచేసుకోవాలి. పరుగెత్తి వచ్చి వెంటనే గురిపెడితే తుపాకి ఊగిపోతుంది. పడుకుని గానీ, గోడ మీద ఆనించి గానీ పేలిస్తే ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది. తుపాకిని ఆనించే ఈ సదుపాయం 2015లో మార్క్స్‌మెన్ అనే అదనపు భాగం విడుదలైనప్పుడు ఆట ఉన్న వారందరికీ ఉచితంగానే వచ్చింది. గాలి గురించి మాత్రం దిగులు వద్దు, మామూలు ఆటలో తూటా మీద గాలి ప్రభావం ఉండదు; ఏస్ అనే మాడ్ (అభిమానులు తయారుచేసి ఆటకు జోడించే మార్పు) వేసుకుంటేనే ఆ తలనొప్పి మొదలవుతుంది.

నడక గురించి ఒక మాట. కొండ కొప్పు మీదుగా నడవకండి. కొండవీడు కోట ఎక్కిన వారెవరికైనా తెలుసు, గట్టు అంచున నిలబడ్డ మనిషి వెనక ఆకాశమే ఉంటుంది కనుక కింద పొలాల్లో ఉన్నవాడికి కూడా స్పష్టంగా కనబడతాడు. కొప్పుకు కాస్త దిగువన, వాలు మీద నడవండి. గడ్డిని నమ్ముకోకండి. గడ్డి చూసేవాడి దగ్గర కొద్ది దూరం వరకే గీయబడుతుంది కనుక, మీరు దాక్కున్నాననుకున్న గడ్డి దూరాన ఉన్న మరో ఆటగాడి తెర మీద ఉండనే ఉండదు. రాతిగోడ, నేల పల్లం, ఎండిన వాగు, ఇవే నమ్మదగినవి. బయలుదేరే ముందు మ్యాప్ తెరిచి ఎత్తు గీతలు చూసుకుని, ఏ పల్లం గుండా ఎక్కడికి చేరవచ్చో అనుకుని, ఆ తరువాతే అడుగు వేయండి.

మీరు అడిగిన ఎర్రచుక్కల మ్యాప్ కోసం వెతకకండి. కష్టస్థాయి తగ్గిస్తే కొంత సాయం దొరుకుతుంది గానీ, ఆ సాయంతో ఆడితే మళ్లీ వైల్డ్‌ల్యాండ్స్‌నే, దానికంటే ముతకగా ఆడినట్టవుతుంది.

జవాబు 2: గాంధీనగర్ జాయ్‌స్టిక్, విజయవాడ

కరకట్ట కాపలాదారు గారు చెప్పిన విషయాలన్నీ నిజమే. అయితే ఆయన ఆర్మా ప్రేమికులు కనుక, రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ఆర్మాలో తూటా నడక ఎంత నిజమో, మనిషి నడక అంత కృత్రిమం. సహచరుడికి ఇంటి లోపలికి వెళ్లమని చెబితే గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతాడు. లారీ ఎక్కమంటే లారీ చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు. యంత్రాలను అంత శ్రద్ధగా చేసినవారు మనుషులను ఎందుకు ఇలా వదిలేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ మాట తయారీదారులే పరోక్షంగా ఒప్పుకున్నారు. 2021 సెప్టెంబరులో, అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయ మీద పాకిస్తాన్ విమానదాడి అంటూ మన దేశంలోని కొన్ని వార్తా చానెళ్లు ఆర్మా 3 దృశ్యాన్నే ప్రసారం చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇటువంటివి మరీ ఎక్కువ కావడంతో 2022 నవంబరులో బొహీమియా సంస్థ, ఆట దృశ్యాన్ని నిజమైన యుద్ధ దృశ్యం నుంచి ఎలా వేరుచేసి గుర్తుపట్టాలో ఒక ప్రకటనలో వివరించింది. చీకటి, వణికే కెమెరా, నాసిరకం స్పష్టత వంటి గుర్తులతోపాటు వారు చెప్పిన మరో గుర్తు, అటువంటి వీడియోల్లో కదులుతున్న మనుషులు కనిపించరన్నది. వాహనాలనైతే నమ్మించవచ్చు, నడిచే మనిషిని చూపిస్తే బండారం బయటపడుతుంది.

ప్రశ్న అడిగిన తమ్ముడికి వైల్డ్‌ల్యాండ్స్‌లో నచ్చింది, ముందుగా చూసి పన్నాగం పన్ని కొట్టడం. ఆ రుచికి మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్ దగ్గరి ఆట అని నా అభిప్రాయం. 2015 సెప్టెంబరు 1న విడుదలైంది. కథ 1984లో, సోవియట్ సేనలున్న అఫ్గానిస్తాన్‌లోనూ, తరువాత అంగోలా, జైర్ సరిహద్దులోనూ నడుస్తుంది. గుట్ట మీద పడుకుని బైనాక్యులర్స్‌తో కాపలావాళ్లను ఒక్కొక్కరిని గుర్తించి, గుర్రం మీదో కుక్కను వెంటబెట్టుకునో లోపలికి దూరవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, అక్కడి శత్రువు మీ నుంచి నేర్చుకుంటాడు. మీరు ప్రతిసారీ తలకే గురిపెడితే కొంతకాలానికి శిబిరాల్లో సైనికులు ఇనుప టోపీలు పెట్టుకుని కనిపిస్తారు. రాత్రిపూటే దాడులు చేస్తే చీకట్లో చూసే కళ్లద్దాలు తెచ్చుకుంటారు. మత్తు పొగ వాడితే ముసుగులు వేసుకుంటారు. అప్పుడు మీరు మీ స్థావరం నుంచి మనుషులను పంపి, ఆ టోపీలు సరఫరా అయ్యే చోటునే దెబ్బతీయించవచ్చు. కొన్నాళ్లపాటు మళ్లీ బోడి తలలే కనిపిస్తాయి. ఒకే ఎత్తును పదేపదే వాడే ఆటగాడిని ఇంత తెలివిగా మందలించిన ఆటను నేను మరొకదాన్ని చూడలేదు.

లోపం లేదని కాదు. శిబిరాల మధ్య నేల చాలాచోట్ల వట్టి బయలే, కథ రెండో భాగంలో పాత మిషన్లనే కష్టం పెంచి మళ్లీ ఇస్తారు, ముగింపు అతుకుల బొంతలా ఉంటుంది. అయినా చేతికి దొరికే ఆనందం విషయంలో ఆర్మా దాని దరిదాపులకు రాదు. నేర్చుకోవడానికి నెలలు పట్టే ఆటను, చివరి సంవత్సరం ప్రాజెక్టు మెడ మీద ఉన్న విద్యార్థికి సిఫారసు చేయడం న్యాయమేనా అన్నది కూడా ఆలోచించండి.

జవాబు 3: ఆటోనగర్ స్పానర్, విజయవాడ

పై ఇద్దరూ ఆట గురించి చెప్పారు, ప్రశ్నలోని అసలు చిక్కు మాత్రం ఇద్దరి కళ్లూ తప్పించుకుంది. మీరు దూరానికి సంబంధించిన రెండు స్లయిడర్లనూ బాగా దించేశానని రాశారు. వాటిలో ఒకటి నేల ఎంత దూరం వరకు కనపడాలో నిర్ణయిస్తుంది. రెండోది వస్తువులు ఎంత దూరం వరకు గీయబడాలో నిర్ణయిస్తుంది; ఇళ్లు, చెట్లు, వాహనాలతోపాటు సైనికులు కూడా ఈ లెక్కలోకే వస్తారు. దాన్ని అయిదువందలకు దించితే, ఆరువందల మీటర్లలో ఉన్న శత్రువు మీ తెర మీద గీయబడడు. వాడికి మీరు కనపడటానికి మాత్రం మీ స్లయిడర్‌తో ఏ సంబంధమూ లేదు. ఇంక ఎంత బాగా చెవి ఒగ్గి విన్నా లాభం ఏముంటుంది?

వస్తువుల దూరాన్ని కనీసం 1,200కు పెంచండి. నేల దూరాన్ని రెండు వేలకు కాస్త పైన ఉంచితే చాలు, విమానం నడిపేటప్పుడు తప్ప అంతకు మించి అవసరం రాదు. చూపు దూరం రెట్టింపయితే చూడవలసిన వైశాల్యం నాలుగింతలవుతుంది కనుక దాన్ని కొంచెం తగ్గించినా యంత్రానికి చాలా ఊరట. ఈ ఆట భారం చాలావరకు ప్రాసెసర్ మీద, అందులోనూ దానిలోని ఒకటి రెండు కోర్ల (పని విభాగాల) మీదే పడుతుంది. అందుకే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారు కూడా పెద్ద పోరాటాల్లో ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే చిత్రాలు) పడిపోతున్నాయని వాపోతుంటారు. గ్రాఫిక్స్ కార్డు చేసే పనులను, అంటే అంచుల నునుపు, టెక్స్చర్లు వంటివాటిని, అడుగంటా తగ్గించడం వల్ల మీకు ఒరిగేది స్వల్పం. నీడలను, మేఘాలను తగ్గించి చూడండి. హార్డ్ డిస్కు నుంచి ఎస్ఎస్‌డీకి మారిస్తే నడుస్తూ నడుస్తూ ఆగిపోయే తడబాటు తగ్గుతుంది.

మరో మాట. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఎంత? మన ఊళ్ల ఎండల్లో మధ్యాహ్నం పూట ఫ్యాను గాలి కింద ఆడితే, వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బాగా నడిచి ఆ తరువాత మందగించడం దానికి గుర్తు. ఫ్రేములకు పరిమితి పెట్టండి, వెనక వైపు కాస్త ఎత్తు పెట్టండి, గాలి రంధ్రాల్లో దుమ్ము తీయించండి. హాస్టల్ పరుపు మీద పెట్టి ఆడకండి. నా దగ్గరికి బాగుచేయడానికి వచ్చే గేమింగ్ ల్యాప్‌టాపుల్లో సగం రోగాలు ఆ పరుపు దూది వల్ల వచ్చినవే.

పోల్చి చెప్పాలంటే, మెటల్ గేర్ ఇటువంటి యంత్రం మీద చాలా హాయిగా నడుస్తుంది. ఆ విషయంలో మీరు విన్నది నిజమే.

మళ్లీ ప్రశ్న: బ్రాడీపేట బ్యాక్‌బెంచ్, గుంటూరు

ముగ్గురికీ ధన్యవాదాలు. స్పానర్ గారు చెప్పినట్టే వస్తువుల దూరాన్ని పెంచి, నీడలు, మేఘాలు తగ్గించాను. ఆట వేగం దాదాపు అలాగే ఉంది గానీ, ఇంతకుముందు ఖాళీగా కనిపించిన వాలు మీద ఇప్పుడు మనుషులు కనపడుతున్నారు. ఎడిటర్‌లో రాతిగోడ వెనక కూర్చుని ఒక సాయంత్రమంతా ఆ రెండు శబ్దాలనే విన్నాను. నాలుగువందల మీటర్ల వాడిని ఇప్పుడు పట్టుకోగలుగుతున్నాను, ఆరువందల వాడు ఇంకా దొరకడం లేదు.

ఇంకొక్క సందేహం. కథాభాగంలో మిషన్లు ఒకదాని తరువాత ఒకటి వరుసగా వస్తున్నాయి. వైల్డ్‌ల్యాండ్స్‌లో లాగా ద్వీపమంతా తెరిచిపెట్టి, ఏ ఊరిని ముందు విడిపించాలో నన్నే నిర్ణయించుకోనిచ్చే పద్ధతి ఆర్మాలో ఉందా? ఉంటే ఒంటరిగా ఆడవచ్చా, తోడు తప్పనిసరా?

జవాబు 4: కరకట్ట కాపలాదారు, విజయవాడ

స్పానర్ గారు పట్టుకున్నది అసలు మూలం, నేను ఆ వాక్యాన్ని చదివీ దాటిపోయాను. జాయ్‌స్టిక్ గారు సహచరుల తెలివి గురించి రాసిన దానికి కూడా నేను అడ్డు చెప్పను. ఆర్మాలో తోడు యంత్రం కంటే మనిషి అయితేనే బాగుంటుంది.

మీరు అడిగినదానికి సరిగ్గా సరిపోయేది యాంటిస్టాసి అనే మాడ్. అభిమానులు తయారుచేసినది, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని వర్క్‌షాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు కొద్దిమంది గెరిల్లాలతో, నాసిరకం తుపాకులతో మొదలుపెడతారు. ఆల్టిస్ అంతా శత్రువుల చేతిలో ఉంటుంది. ఏ చెక్‌పోస్టును ముందు కొట్టాలి, దొరికిన తుపాకులను ఏ దారిన దాచుకునే చోటికి చేర్చాలి, ఏ ఊరి జనాన్ని మనవైపు తిప్పుకోవాలి అన్నదంతా మీ ఇష్టమే. ఎక్కువ గెలిచేకొద్దీ శత్రువు పెద్ద బలగాలను దింపుతాడు. ఆట ఆపి మళ్లీ మొదలుపెట్టినా ద్వీపం స్థితి అలాగే నిలిచి ఉంటుంది. ఒంటరిగా కూడా ఆడవచ్చు గానీ, సామాను మోసేవాడు, కాపలా కాసేవాడు, గురిపెట్టేవాడు వేర్వేరు మనుషులైనప్పుడే దాని రుచి తెలుస్తుంది.

ఒంటరిగానే ఆడాలనుకుంటే ఓల్డ్ మ్యాన్ అనే సన్నివేశం ఉంది. 2020లో వచ్చింది, టనోవా అనే పసిఫిక్ ద్వీపంలో జరుగుతుంది. అయితే దానికి ఏపెక్స్ అనే విస్తరణ కొనుక్కోవలసి ఉంటుంది. కొనడానికి డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే నేనైతే ముందుగా లాస్ ఆఫ్ వార్ (యుద్ధ నియమాలు) అనే అదనపు భాగం చూడమంటాను. 2017లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ సహకారంతో తయారైంది, ఆ ఏడాది దాని మీద వచ్చిన నికర ఆదాయంలో సగాన్ని ఆ కమిటీకే ఇచ్చారు. అందులో ముఖ్యపాత్ర సైనికుడు కాదు, యుద్ధం ముగిశాక ఒరియోకాస్ట్రో అనే ఊళ్లో మందుపాతరలు తొలగించే కార్మికుడు. ఈస్ట్ విండ్ పూర్తిచేశాక ఆడితే మరింత బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది ఆ యుద్ధపు శిథిలాల మీదే నడుస్తుంది. చిన్నది, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

బాంబులంటే భయం లేకపోతే ఇంకో మార్గం: ఆదివారం రాత్రుళ్లు మేము విజయవాడ, గుంటూరు వాళ్లం కలిసి యాంటిస్టాసి ఆడుతున్నాం, ప్రస్తుతం ఒకరికి చోటు ఉంది. మైకు తప్పనిసరి. మాడ్ ఫైళ్లు ముందురోజే దించుకుని ఉండాలి, ఆ రాత్రి మీకోసం ఎవరూ ఆగరు. కొత్తగా చేరినవారికి మొదటి రెండు వారాలు లారీ నడిపే పని ఇస్తాం. జాయ్‌స్టిక్ గారు వస్తానంటే ఆయనకు కూడా అదే నియమం వర్తిస్తుంది.

జవాబు 5: గాంధీనగర్ జాయ్‌స్టిక్, విజయవాడ

లారీ నడపడానికి నాకు అభ్యంతరం లేదు. వెనక యంత్రపు సహచరులను ఎక్కించమని మాత్రం నాకు చెప్పకండి.